బరువులెత్తే పోటీల్లో ఎందుకు పాల్గొనాలి: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో సాయంత్రం పూట ఏ జిమ్‌కు వెళ్లినా తెలుగు మాట వినబడుతుంది. అక్కడ ఏళ్ల తరబడి శ్రద్ధగా బరువులెత్తుతున్నవారిలో కూడా చాలామంది పోటీ అనేది తమకు సంబంధించిన విషయం కాదనే అనుకుంటారు. కొత్తవారిని ఔత్సాహిక పోటీలకు సిద్ధం చేసేటప్పుడు మాకు పదే పదే ఎదురయ్యే ప్రశ్నలను, వాటికి మేము చెప్పే సమాధానాలను ఇక్కడ రాస్తున్నాం.

బరువులెత్తే పోటీలంటే ఏవి? బాడీబిల్డింగ్ కూడా ఇందులోకి వస్తుందా?

బాడీబిల్డింగ్ రాదు. అందులో చూసేది దేహసౌష్ఠవాన్ని, ఇక్కడ చూసేది ఎత్తిన బరువును మాత్రమే. ఔత్సాహికులకు అందుబాటులో ఉన్న పోటీలు ప్రధానంగా రెండు. వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్ (ఒకే ఊపులో), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, ఆపై తలపైకి) అనే రెండు పద్ధతుల్లో బార్‌ను తలపైకి ఎత్తాలి. ఒలింపిక్స్‌లో ఉన్నది ఇదే. పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాట్ (బార్‌ను భుజాల మీద మోస్తూ కిందికి దిగి లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బార్‌ను ఛాతీ మీద నుంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా లేవడం) అనే మూడింటికీ మూడేసి అవకాశాలు ఇచ్చి, ఒక్కోదానిలో ఎత్తగలిగిన అత్యధిక బరువులను కూడి మొత్తం కడతారు. పవర్‌లిఫ్టింగ్ అంతర్జాతీయ సమాఖ్య 1972లో ఏర్పడింది. ఈ క్రీడకు ఒలింపిక్స్‌లో చోటు దక్కకపోయినా 1981 నుంచి వరల్డ్ గేమ్స్‌లో ఉంది. ఉద్యోగం చేసుకుంటూ మొదలుపెట్టేవారికి పవర్‌లిఫ్టింగే అనువైనదని మా అభిప్రాయం. దాని మూడు ఎత్తులూ మీరు జిమ్‌లో ఇప్పటికే చేస్తున్నవే. స్నాచ్ మాత్రం పక్కన కోచ్ లేకుండా నేర్చుకోదగినది కాదు.

ఈ సరదా మనవాళ్లకు కొత్తదేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంగిడి రాళ్లెత్తే పోటీలు ఉన్నాయి, కన్నడనాట గరడి మనెలు (సంప్రదాయ వ్యాయామశాలలు) ఉన్నాయి. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడని జనం ఇప్పటికీ తలుచుకుంటారు. అయితే ఆయనది ప్రదర్శన. అసాధారణమైన బలాన్ని చూసి ప్రేక్షకులు విస్తుపోవాలన్నదే దాని ఉద్దేశం. ఔత్సాహిక పోటీ అలాంటిది కాదు. ఇక్కడ సామాన్యులు తమ బలాన్ని తామే వచ్చి కొలిపించుకుంటారు.

రోజూ జిమ్‌కు వెళ్తూనే ఉన్నాను కదా, పోటీ వల్ల అదనంగా ఒరిగేది ఏమిటి?

అన్నిటికంటే ముందు, ఒక తేదీ. తేదీ లేని వ్యాయామం తేదీ లేని పరీక్షకు చదవడంలాంటిది. ఇవాళ తప్పితే రేపు, రేపు తప్పితే సోమవారం అంటూ జారిపోతూ ఉంటుంది. ఫలానా ఆదివారం ఉదయం బార్ కింద నిలబడాలని తెలిసినప్పుడు, ఆ వారం ఏం ఎత్తాలి, ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలి, ఏ రాత్రి త్వరగా పడుకోవాలి అన్నవి వాటంతట అవే తేలిపోతాయి. పన్నెండు నుంచి పదహారు వారాల ప్రణాళికను పూర్తిగా నడిపించినవారిని గమనిస్తే, వారిలో అత్యధికులు ఏదో ఒక పోటీకి పేరు ఇచ్చినవారే ఉంటారు.

రెండోది, నిజాయితీగల కొలత. జిమ్‌లో నూట నలభై కిలోల స్క్వాట్ చేస్తానని చెప్పేవారిలో ఎంతమంది నిజంగా కిందికి దిగుతున్నారో గమనించండి. పోటీలో మాత్రం తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగి తీరాలి. ముగ్గురు రెఫరీలు మూడు వైపుల నుంచి చూస్తారు, కనీసం రెండు తెల్ల దీపాలు వెలిగితేనే ఆ ఎత్తు చెల్లుతుంది. ఆ ముగ్గురికీ మీరెవరో తెలియదు, మీ ఉద్యోగమూ తెలియదు, మీరు ఎంతకాలంగా సాధన చేస్తున్నారన్నదీ తెలియదు. వాళ్లు ఒప్పుకున్న అంకె నూటికి నూరుపాళ్లు మీది. అది జిమ్‌లో చెప్పుకున్న అంకె కంటే ముప్పై కిలోలు తక్కువే కావచ్చు, అయినా ఆ రోజు నుంచి దాన్ని ఎవరూ కాదనలేరు. పెద్ద నగరంలో, పనితనాన్ని రేటింగులతోనూ అప్రైజళ్లతోనూ ఎవరో ఒకరి అభిప్రాయాన్ని బట్టి తేల్చే ఉద్యోగాల్లో ఉన్నవారికి ఇటువంటి తిరుగులేని కొలత ఎంత ఊరటనిస్తుందో అనుభవించినవారికే తెలుస్తుంది. పోటీలకు రమ్మని మేము ఇంతగా ప్రోత్సహించడానికి అసలు కారణం ఇదే.

మూడోది, దృష్టి అద్దం మీద నుంచి బార్ మీదికి మళ్లడం. పొట్ట తగ్గిందా, చేతులు పెరిగాయా అని రోజూ చూసుకునేవారికి నిరుత్సాహం తప్పదు, ఎందుకంటే శరీరాకృతి మారడానికి నెలలు పడుతుంది. బలం అలా కాదు. మొదటి కొన్ని వారాల్లో కండ పెద్దగా పెరగకపోయినా, ఉన్న కండరాలను నాడీవ్యవస్థ మరింత సమర్థంగా పనిచేయించడం నేర్చుకుంటుంది కాబట్టి బరువు పెరుగుతూనే ఉంటుంది. పోటీకి సాధన చేసేవారు ఈ పెరుగుదలను లెక్కగా రాసుకుంటారు కనుక వారికి సాధన విసుగు పుట్టదు.

గెలిచే అవకాశం లేనప్పుడు పేరు ఇవ్వడం దేనికి?

పోటీని లింగం, వయసు, శరీర బరువులను బట్టి విభజిస్తారు. అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం పురుషులకు 59 కిలోల నుంచి 120 కిలోల పైవరకు, మహిళలకు 47 కిలోల నుంచి 84 కిలోల పైవరకు ఎనిమిదేసి ఓపెన్ (వయసు విభజన లేని) విభాగాలు ఉన్నాయి. అందువల్ల స్థానిక పోటీల్లో ఒక్కో విభాగంలో ముగ్గురో నలుగురో మాత్రమే ఉండటం, మొదటిసారి వచ్చినవారికే పతకం దక్కడం మామూలే. అయినా పతకం కోసమే రావాలని మేము చెప్పము. ఈ క్రీడలో పక్కవాడు మిమ్మల్ని అడ్డుకోలేడు, మీ చేతిలోంచి బంతి లాక్కోలేడు. అతడు ఎంత ఎత్తినా మీరు ఎత్తవలసిన బరువు మారదు. పోయినసారి కంటే అయిదు కిలోలు ఎక్కువ ఎత్తి చివరి స్థానంలో నిలిచిన మనిషి చెమట తుడుచుకుంటూ, నవ్వుకుంటూ దిగి రావడం ప్రతి పోటీలోనూ కనబడే దృశ్యమే. ఎదుటివాడు చివరి ప్రయత్నంలో తడబడుతున్నప్పుడు అందరికంటే గట్టిగా ఉత్సాహపరిచేవారు సాధారణంగా అతని విభాగంలోని ప్రత్యర్థులే.

ఇంకా కొంత బలం వచ్చాక దిగితే మంచిది కదా?

కాదు. ఈ ఒక్క ఆలోచన వల్లే ఎక్కువమంది ఎప్పటికీ పోటీకి రాకుండా మిగిలిపోతున్నారు. మూడు ఎత్తులనూ నియమాల ప్రకారం చేయగలిగితే చాలు, బరువు ఎంతన్నది తర్వాతి మాట. స్థానిక పోటీల్లో కనీస అర్హత బరువు అడగడం అరుదు. సాధన మొదలుపెట్టిన మొదటి ఏడాదిలోనే ఒకసారి దిగడం మేలు. అప్పుడైతే స్క్వాట్ లోతు, బెంచ్ ప్రెస్‌లో ఛాతీ మీద బార్‌ను కదలకుండా ఆపడం వంటివి అలవాటుగా స్థిరపడతాయి. నాలుగేళ్లు తప్పుగా చేసి, ఆ తర్వాత సరిదిద్దుకోవలసిన అవస్థ ఉండదు.

పోటీ రోజున ఏం జరుగుతుంది?

పోటీ మొదలు కావడానికి రెండు గంటల ముందు బరువు తూచడం మొదలై గంటన్నరపాటు సాగుతుంది. అప్పుడే మీ మొదటి ప్రయత్నాల బరువులు రాసి ఇవ్వాలి. ఆ తర్వాత ఇడ్లీయో అరటిపండో తిని, వార్మప్ గదిలో పది మందితో ఒకే బార్‌ను పంచుకుంటూ ఒళ్లు వేడెక్కించుకోవాలి. పేరు పిలిచి, బార్ సిద్ధమైందని ప్రకటించాక ఎత్తు మొదలుపెట్టడానికి ఒక నిమిషం ఉంటుంది. అరచేతులకు మెగ్నీషియం కార్బొనేట్ పొడి రుద్దుకుంటారు. డెడ్‌లిఫ్ట్‌కు ముందు తొడలకు టాల్కం పౌడర్ రాసుకుంటారు, బార్ తొడల మీదుగా సులువుగా జారాలని. మోకాలి దిగువ వరకు పొడవాటి మేజోళ్లు తప్పనిసరి. బార్ ఒరుసుకుని ముంగాలి చర్మం చిట్లితే ఆ రక్తం తర్వాతివారు పట్టుకునే బార్‌కు అంటకూడదు కదా.

కొత్తవారి ఎత్తులు ఎక్కువగా పోయేది బలం చాలక కాదు, ఆదేశాల కోసం ఆగకపోవడం వల్ల. బెంచ్ ప్రెస్‌లో రెఫరీ "స్టార్ట్" అన్నాకే బార్‌ను దించాలి, ఛాతీ మీద అది నిలకడగా ఆగాక "ప్రెస్" అంటేనే ఎత్తాలి, "ర్యాక్" అన్నాకే స్టాండ్ మీద పెట్టాలి. బరువును అవలీలగా ఎత్తేసి, ఆ సంబరంలో "ర్యాక్" అనే మాట వినకుండానే పెట్టేసి, మూడు ఎర్ర దీపాల వైపు అయోమయంగా చూసే కుర్రవాడు ప్రతి పోటీలోనూ ఒక్కడైనా ఉంటాడు. అందుకే చివరి ఆరు వారాలూ స్నేహితుడి చేత ఈ ఆదేశాలు చెప్పించుకుంటూ సాధన చేయాలి.

మొదటి ప్రయత్నానికి ఎంత బరువు చెప్పాలన్నది మరో ముఖ్యమైన సంగతి. ఒకసారి ప్రయత్నించిన బరువు కంటే తక్కువకు దిగడానికి నియమాలు ఒప్పుకోవు. నిద్ర చాలని రోజున కూడా మూడుసార్లు ఎత్తగలిగిన బరువునే మొదట చెప్పండి. రెండోది మీరు ఇంతకుముందు ఎత్తిన బరువుకు దగ్గరగా ఉండాలి. సాహసం చేయదలిస్తే మూడోదానిలో చేయండి. ప్రతి ప్రయత్నం ముగిసిన నిమిషంలోపు తర్వాతి బరువును నిర్వాహకుల బల్ల దగ్గర చెప్పాలి, లేకపోతే గెలిచిన ఎత్తుకు 2.5 కిలోలు వాళ్లే కలుపుతారు. ఈ లెక్క చూసుకోవడానికి వెంట ఒక మనిషి ఉంటే మీ మనసు బార్ మీదే ఉంటుంది.

నడుము, మోకాళ్లు పాడవుతాయని ఇంట్లో భయపడుతున్నారు.

ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఈ క్రీడలో గాయాలు ఉన్నాయి, ముఖ్యంగా నడుము, భుజం, మోకాలి దగ్గర. కానీ ఫుట్‌బాల్, కబడ్డీ వంటి ఒకరినొకరు ఢీకొనే ఆటలతో పోలిస్తే గాయాలు తక్కువే. బరువును వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ పోతే కండరాలతోపాటు ఎముకలు, స్నాయువులు కూడా గట్టిపడతాయి. అయితే స్నాయువులు కండరాలంత త్వరగా మారవు కాబట్టి తొందరపడినవారే ఎక్కువగా దెబ్బతింటారు. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో మరో గంటన్నర కూర్చునే శరీరానికి నడుము నొప్పి ఎలాగూ వస్తుంది, బలమైన వీపు దానికి మంచి కాపు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. భారీ బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం వల్ల రక్తపోటు ఆ కొద్ది క్షణాల్లో బాగా పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివారు, గుండె జబ్బు, హెర్నియా, రెటీనా సమస్యలు ఉన్నవారు డాక్టరు అనుమతి లేకుండా పోటీ జోలికి పోవద్దు.

ఆడవాళ్లు బరువులెత్తితే శరీరం మగవాళ్లలా మారుతుందంటారు. నిజమేనా?

నిజం కాదు. కండ అంతగా పెరగడానికి కావలసిన టెస్టోస్టిరాన్ మహిళల్లో పురుషులతో పోలిస్తే చాలా తక్కువ. బలం పెరుగుతుంది, ఆకారం బిగువుగా మారుతుంది, అంతే. మెనోపాజ్ తర్వాత ఎముకలు పలుచబడే ప్రమాదం మహిళలకే ఎక్కువ కనుక బరువులెత్తడం వల్ల వారికి కలిగే మేలు కూడా పెద్దదే.

ఈ ప్రశ్న అడగవలసిన అవసరం తెలుగువారికి అసలు ఉండకూడదు. శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి, మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను మొదటిసారి చేర్చిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనే, 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. బరువులు ఆడపిల్లలకు పనికిరావని ఇంట్లో ఎవరైనా అంటే, మనదేశపు ఆడవాళ్ల ఒలింపిక్ పతకాల కథ మన ఊళ్ల నుంచి, ఈ బార్‌తోనే మొదలైందని మర్యాదగానే గుర్తుచేయండి.

నలభై దాటాక మొదలుపెట్టవచ్చా?

తప్పకుండా. నలభై నుంచి మాస్టర్స్ విభాగాలు మొదలవుతాయి, 70 పైబడినవారికి కూడా ప్రత్యేక విభాగం ఉంది. వయసుతోపాటు కండ తరిగిపోవడం సహజం. భోజనం తర్వాత రక్తంలోని చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది కండరాలే కనుక, మధుమేహం ఇంటింటా కనిపించే మనవాళ్లకు కండను కాపాడుకోవడం ఆరోగ్య సమస్యగానే పరిగణించవలసిన విషయం. పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఈ వయసులో కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, ఇరవై అయిదేళ్లవాళ్ల ప్రణాళికను అనుకరించకూడదు.

నేను శాకాహారిని, పీజీలో తింటాను. సరిపడా ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ సూచిస్తోంది. బరువులెత్తేవారికి సాధారణంగా చెప్పే లక్ష్యం సుమారు 1.6 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి రోజుకు 112 గ్రాములు. పీజీ భోజనంలో అన్నం, సాంబారు, ఒక వేపుడుతో అది రాదు. అర లీటరు పాలు లేదా పెరుగులో దాదాపు 16 గ్రాములు, వంద గ్రాముల పనీర్‌లో 18, యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 25 వరకు వస్తాయి. ఉదయం ఉప్మాకు బదులు పెసరట్లు, అన్నంలో పప్పు రెట్టింపు చేసుకుంటే చాలావరకు పూడుతుంది. గుడ్డు తినేవారికి నాలుగు గుడ్లతో మరో 24 గ్రాములు చేరతాయి. ఆ తర్వాత కూడా లోటు ఉంటే అప్పుడు ప్రోటీన్ పౌడర్ గురించి ఆలోచించవచ్చు.

బరువు తగ్గి చిన్న విభాగంలో దిగితే లాభమా?

మొదటి పోటీకి వద్దు. నీళ్లు మానేసి, ఆవిరి స్నానాలతో చివరి రోజుల్లో బరువు దించుకుంటే తూకంలో గెలుస్తారు, బరువులెత్తే ప్లాట్‌ఫారం మీద ఓడిపోతారు. ఉన్న బరువుతోనే దిగండి.

సప్లిమెంట్లు, డోపింగ్ పరీక్షల మాటేమిటి?

మన దేశంలో డోపింగ్ నిరోధానికి 2022లో ప్రత్యేక చట్టం వచ్చింది, పరీక్షలు నిర్వహించేది నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ). శరీరంలో నిషిద్ధ పదార్థం దొరికితే, అది ఎలా చేరిందో తెలియకపోయినా బాధ్యత క్రీడాకారుడిదే. జిమ్ ట్రైనర్ చేతిలో పెట్టిన పేరులేని డబ్బాను, "అందరూ వాడుతున్నారు" అనే మాటను నమ్మి భవిష్యత్తును పణంగా పెట్టకండి. జలుబు మందుల్లో కూడా నిషిద్ధ పదార్థాలు ఉండవచ్చు కనుక, పోటీకి ముందు డాక్టరుకు మీరు క్రీడాకారులన్న విషయం చెప్పాలి. పవర్‌లిఫ్టింగ్‌ను ఒకటి కంటే ఎక్కువ సంఘాలు నడుపుతున్నాయి, వాటి నియమాలు కూడా ఒక్కటి కావు. డోపింగ్ పరీక్షలు జరిపే సంఘాన్ని ఎంచుకోవాలని మా గట్టి అభిప్రాయం. కొలత నిజాయితీగా ఉండాలని వచ్చినవారు మందుల సాయంతో ఎత్తడంలో అర్థం లేదు.

ఉద్యోగం, రాత్రి కాల్స్, ట్రాఫిక్ మధ్య ఇంత సమయం ఎక్కడిది?

వారానికి మూడు రోజులు, ఒక్కోసారి గంటంబావు సరిపోతుంది. పవర్‌లిఫ్టింగ్‌లో మారథాన్ సాధనలా గంటల తరబడి దూరాలు పెంచుకుంటూ పోవలసిన పని లేదు. ఆఫీసు దగ్గరి జిమ్ కంటే ఇంటి దగ్గరి జిమ్‌ను, సాయంత్రం కంటే ఉదయాన్ని ఎంచుకుంటే ఈ నగరంలో చాలా సాధనలు తప్పిపోకుండా ఉంటాయి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారంలో బరువులు తగ్గించి చేయండి, మానకండి.

కన్నడం అంతగా రాదు. కర్ణాటక పోటీల్లో ఇబ్బంది ఉంటుందా? ఏ రాష్ట్రం తరఫున ఆడాలి?

ప్లాట్‌ఫారం మీది ఆదేశాలు అన్నిచోట్లా ఇంగ్లిష్ మాటలే. మిగతా చోట్ల రెండు ముక్కలు కన్నడం మాట్లాడితే వాళ్లు నాలుగు ముక్కలు తెలుగులో బదులిస్తారు. ఈ రాష్ట్రం కూడా బరువులెత్తేవారిని గౌరవించే నేల. కుందాపుర ప్రాంతానికి చెందిన గురురాజ పూజారి 2018 కామన్‌వెల్త్ క్రీడల్లో రజతం, 2022లో కాంస్యం తెచ్చారు. ఆ 2018 క్రీడల్లోనే మన స్టూవర్టుపురం యువకుడు రాగాల వెంకట్ రాహుల్ 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు. నగరంలో జరిగే ఓపెన్ పోటీలకు ఎవరైనా పేరు ఇవ్వవచ్చు. రాష్ట్ర స్థాయికి వెళ్లాలనుకుంటే నివాస ధ్రువీకరణ విషయాన్ని నమోదుకు ముందే ఆ సంఘంతో మాట్లాడుకోండి.

వైకల్యం ఉన్నవారికి అవకాశం ఉందా?

ఉంది. పారా పవర్‌లిఫ్టింగ్ పారాలింపిక్స్‌లో ఉన్న క్రీడ, అందులో బెంచ్ ప్రెస్ ఒక్కటే ఉంటుంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో సుధీర్ ఇందులో స్వర్ణం సాధించారు. జిమ్‌కు ర్యాంపు ఉందా, లిఫ్టు ఉందా అన్నది ముందు చూసుకోండి. ఈ విషయంలో మన జిమ్‌లు సిగ్గుపడవలసిన స్థితిలో ఉన్నాయి.

ఏమేం కొనాలి?

సింగ్లెట్ (ఒంటికి అతుక్కుని ఉండే ఒకే ముక్క పోటీ దుస్తులు), పొడవాటి మేజోళ్లు, చదునైన అడుగున్న బూట్లు. నడుము బెల్టు ఉంటే మంచిదే, అయితే వెడల్పు 10 సెంటీమీటర్లు మించకూడదు. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

మూడు ప్రయత్నాలూ పోతే?

ఒక ఎత్తులో మూడూ విఫలమైతే ఆ రోజుకు మొత్తం లెక్కకు రాదు. అది బాధాకరమే, కానీ పెద్ద పోటీల్లో ఆరితేరినవారికి కూడా జరిగేదే. ఏ దీపం ఎందుకు ఎర్రగా వెలిగిందో రెఫరీని మర్యాదగా అడగండి, చెబుతారు. లోతు చాలలేదా, ఆదేశానికి ఆగలేదా, బరువే ఎక్కువైందా అన్నది ఆ పూటే రాసిపెట్టుకుని, తర్వాతి పోటీకి మొదటి ప్రయత్నాన్ని పది కిలోలు తగ్గించి పేరు ఇవ్వండి.

ఇంకా తటపటాయిస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక పోటీకి ప్లేట్లు మార్చే వాలంటీరుగా వెళ్లండి. నిర్వాహకులకు ఆ పనికి మనుషులు ఎప్పుడూ తక్కువే. ప్రతి ప్రయత్నానికీ బార్ రెండు పక్కలా ప్లేట్లు ఎక్కించి, కాలర్లు బిగించి, తూలిపడేవారిని కాచుకునే ఆ కొన్ని గంటల్లో నియమాలన్నీ కంటికి అలవాటైపోతాయి. నలభై కిలోలతో మొదలుపెట్టేవారు ఎందరో, వాళ్ల మొహాల్లో భయం ఎలా ఉంటుందో, దీపాలు తెల్లగా వెలిగాక ఆ మొహాలు ఎలా మారతాయో దగ్గరి నుంచి చూస్తారు. సాయంత్రం సామాను సర్దేటప్పుడు నిర్వాహకులను తర్వాతి పోటీ తేదీ అడగండి.